కడుపులో పెట్టుకోవడం

మల్పీకా రేవులో, ఐస్ ఫ్యాక్టరీ గోడవారన
మేం నలుగురం వలలు బాగుచేస్తాం.
అయిదేళ్ళుగా పొద్దున్నే నా వేళ్ళు నా మాట వినవు.
గోరువెచ్చని నీళ్ళలో కాసేపు బతిమాలితే గానీ
సూది పట్టవు.

"నీ ఒంటి కాపలావాళ్ళే
నీ కీళ్ళను దొంగలనుకుంటున్నారు"
అంది డాక్టర్ ఆంతియా, మొదటిసారి.
సొంత కుక్క కరిచినట్టు సిగ్గేసింది.

మార్చిలో ఒక మంగళవారం
కాఫీ చల్లారేలోపు నలభై ముడులు వేశాను.
దొసీంద సూది ఆపి చూసింది.
"ఏం మింగావే?"
ఏమీ మింగలేదు. బిడ్డ కావాలని
మందులు నిరుడే మానేశాను.
నెల తప్పిన సంగతి
నాకన్నా ముందు నా వేళ్ళకు తెలిసింది.

ఈసారి డాక్టర్ రసీదు వెనక బొమ్మ గీసింది.
ఇది మావి. ఇది నువ్వు. ఈ చుక్క
సగం నువ్వు, సగం బ్రాయిస్.
ఆ సగం పరాయిదే, లెక్క ప్రకారం తరిమేయాలి.
కానీ ప్రొజెస్టెరాన్ అని ఒకటి
రక్తంలో ఊరి ఊరి
కాపలావాళ్ళ చెవిలో ఏదో చెబుతుంది.
కొందరు కత్తులు దించుతారు.
కొందరు బిడ్డకు నెత్తురు తెచ్చే దారిని
వెడల్పు చేసే పనిలో పడతారు.
తగువులు తీర్చే కణాలు ఎక్కువవుతాయి.
"అంటే నిద్రపోతారా?"
"లేదు, మెలకువగానే ఉంటారు."
అందరి కీళ్ళూ ఇలా తేరుకోవంది.
ఎందుకో తమకూ పూర్తిగా తెలియదని
పెన్ను మూత పెట్టింది.

నాకు వల తెలుసు. వల గోడ కాదు.
ఏది ఆగాలో, ఏది దాటాలో
కన్ను కొలత చెబుతుంది.
ఎవరో నన్నడక్కుండా
నా లోపలి వలకు కన్ను కొలత మార్చారు.

బ్రాయిస్ ఐర్లండు అవతలి నీళ్ళలో ఉన్నాడు.
గరగరలాడే ఫోన్లో అరిచి చెప్పాను:
"నిన్ను కడుపులో పెట్టుకున్నాను!"
"ఎందుకు?" అన్నాడు కంగారుగా,
"నేనేం తప్పు చేశాను?"

నీళ్ళాడిన కొన్ని వారాలకు
ఆ ఊట ఇంకిపోతుందట.
కాపలావాళ్ళు పాత తగువుకే తిరిగొస్తారట.
బొమ్మ గీసినంత మామూలుగా చెప్పింది ఆ మాట కూడా.

అందుకే ఈ వారం
దొసీంద వాటా వల కూడా నేనే అల్లుతున్నాను.
చలికాలంలో తను నాది అల్లాలి.
ఇంకా అడగలేదు.