అడుగు నీళ్ళు

వంగి చూడు, ఇలియాస్.
కుండీ అంచున తెల్లగా కట్టింది చూశావా,
పసిపిల్ల పెదవి మీది పాలచారలా?
నాలుక కొసతో తాకు.
ఊఁ. ఇక నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ బావి నూట ఎనభై మీటర్లు దిగింది.
ఎంత దిగితే అంత ఉప్పు.
కాలువ నీళ్ళు వంతుల మీద వస్తాయి, రాకపోతే రావు.
వాన సంగతంటావా, పోయిన ఏడు రెండుసార్లు కురిసింది,
రెండోసారి షెడ్డు పైకప్పు పట్టుకుపోయింది.
ఉన్న నీళ్ళతోనే కాపురం.

ఈ మందార ఆకుల కొసలు చూడు,
ఇస్త్రీపెట్టె తగిలిన గుడ్డలా మాడాయి.
నిన్న నువ్వు దాహమనుకున్నావు.
వేలు పెడితే మట్టి తడిగానే ఉంది కదా!
ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగుతాడంటారు.
వేళ్ళ దగ్గర ఆ సామెత తిరగబడుతుంది:
ఉప్పు చుట్టుముడితే
నీళ్ళలో నిలబడి కూడా
తాగలేదు మొక్క.
అంత ఉప్పు ఎవరు పెట్టారు? సగం బావి, సగం మనం.
ఎరువూ ఉప్పే, అబ్బాయ్.
సంచి మీద పూల బొమ్మ ఉంటుంది, అంతే తేడా.

కొత్తగా వచ్చినవాళ్ళంతా ఒకే తప్పు చేస్తారు. నేనూ చేశాను.
నీళ్ళు ఖరీదని
పొద్దున ఒక గుక్క, సాయంత్రం ఒక గుక్క,
కింద పళ్ళెంలో చుక్క పడకుండా.
పొదుపనుకుంటాం.
నీళ్ళు గాలికి పోతాయి, ఆకుల్లోంచి పోతాయి,
ఉప్పు ఎక్కడికీ పోదు,
అద్దె కట్టని వాడిలా అక్కడే మకాం.
ఆ వేసవి జెరేనియంలన్నీ బండికెత్తి గుంటలో పోశాను.
మూడు వందల పన్నెండు.
ఇప్పటికీ లెక్క తప్పలేదు.

అందుకని ఇలా.
పైపు నెమ్మదిగా. ధార కొట్టకు, మట్టి బెదురుతుంది.
నిండనీ. ఇంకనీ. మళ్ళీ పొయ్యి.
ఐదు చెంబులు పోస్తే ఒక చెంబు అడుగున కారాలి.
అది వృథా కాదు, సాగనంపడం.
ఉప్పునీళ్ళతో ఉప్పు కడగడమేమిటని నవ్వకు,
కొంచెం మురికి చేత్తో
బాగా మురికి చెయ్యి తోమినట్టు, పనవుతుంది.
కానీ పళ్ళెం వెంటనే ఒంపెయ్యి.
వదిలేశావా,
రాత్రికి పోయిందంతా
వేళ్ళ పక్కకే చేరుకుంటుంది.

ఇదిగో మీటరు.
పైన పోసినవి ఒకటి పాయింట్ ఎనిమిది.
కింద కారినవి? గట్టిగా చదువు.
నాలుగు పాయింట్ రెండు.
మూడుకి దిగేదాకా
నీకూ నాకూ భోజనం లేదు.

మా నాన్న సాన్ పెద్రో ఉప్పుమడుల్లో పనిచేశాడు.
ఎండ కాస్తేనే మాకు కూడు.
మడి మీద పొర తెల్లబడితే టోపీ తీసేవాడు.
ముప్పై ఏళ్ళుగా
ఆ తెలుపునే నేను తరుముతున్నాను.
ఒకసారి ఇక్కడికొచ్చి
కుండీ అంచు గోటితో గీకి, వాసన చూసి,
"హినేసా, ఇది మంచి సరుకు కాదు" అన్నాడు.
ఇంకేమీ అనలేదు.

అడగాల్సింది నువ్వింకా అడగలేదు.
కారినవి ఎక్కడికి పోతాయని.
మొన్నమొన్నటిదాకా వాగులోకి, వాగు నుంచి కయ్యలోకి.
ఒక ఏడు చేపలు ఒడ్డుదాకా వచ్చి
నోళ్ళు తెరిచి ఉండిపోయాయి.
వాటిలో నా కుండీల వాటా ఎంతో
ఏ మీటరూ చెప్పదు.

ఇప్పుడు మందార కడిగినవి గన్నేరుకి.
గన్నేరు కడిగినవి కంచె పక్కన ఊదాపూల పొదలకి.
అవి గట్టివి. తెల్లవారి చూడు,
ఆకుల మీద చెమటలా
ఉప్పుని బయటికి నెట్టేసి ఉంటాయి.
వాటి తర్వాత ఒక తొట్టి. ఎండలో ఎండుతుంది.
వారానికోసారి అడుగు గీకుతాను.
షెడ్డు వెనక పదకొండు బకెట్లయ్యాయి.
ఎక్కడ పారెయ్యాలో నాకు తెలీదు.
నీకు తెలిస్తే చెప్పు.

సరే, ఇంకో చెంబు పొయ్యి.
ఎంతుంది?
మూడు పాయింట్ ఆరు.
రొట్టె సంచిలోనే ఉంచు.