గులాబీ పోయేదాకా

కిటికీ అరలోది వద్దు, ఒరాటిలే,
గాబరోన్ ఎండ దాని సారం ఎప్పుడో తాగేసింది.
వెనక గదిలో, అట్టపెట్టె అడుగున ఉన్నది తియ్యి.
సీసా తిరగెయ్యి. తేదీ చదువు.
నవ్వకు.
సగం ధరకి ఆశపడి
ఒకసారి కాలం చెల్లిన మందు కొన్నాను.

రాన్‌టావు గారింటి కొలను నీళ్లకి
ఎంత పొడి వేసినా రంగు రాలేదు.
క్లోరిన్ లేదంది సీసా. నమ్మాను.
ఒక డబ్బా పోశాను. ఇంకో డబ్బా.
సాయంత్రం వాళ్ల చిన్నది వామే
ఎర్రబడ్డ కళ్లతో మెట్ల మీద కూచుని
"నీళ్లు కరుస్తున్నాయి" అంది.
కరిచింది నీళ్లా?

ఇప్పుడు ఇవి మా బీరువా మీద,
మా ఆవిడ చర్చి టోపీ పక్కన,
తాళమేసిన బిస్కెట్ల రేకుడబ్బాలో.
మూత తీసిన రోజు ప్రతి సీసా మీదా నా వంకర రాత.
క్లోరిన్, ఆసిడ్ బయట షెడ్డులో, దూరంగా,
వాటి ఊపిరి తగిలితే ఇవి అబద్ధాలు నేర్చుకుంటాయి.
"ఈత రానివాడికి ఎందుకయ్యా ఇంత నిష్ఠ?" అంటుంది తను.
నిజమే, మోకాలి లోతు దాటి ఎరగను.

కానీ పొద్దున్నే ఆ గాజుగొట్టం ఎత్తి పట్టుకుని
చుక్క, ఊపు, చుక్క, ఊపు,
ఏడో చుక్కకి గులాబీ రంగు
ఎటు పోయిందో తెలీకుండా పోతుంది చూడు,
అప్పుడు వదులుతాను ఊపిరి.

చిల్లర ఉంచుకో.
కవరు వద్దు, తడిగుడ్డ చుట్టి
అన్నం డబ్బాలో పెట్టుకుంటాను.
కాంబీలో ఇవాళ
కిటికీ సీటు కూడా వద్దు.