మడతలో వదిలిన గుడ్డ

నా కొలతల పుస్తకంలో నలభై మూడో పేజీ.
సెకండ్ లెఫ్టినెంట్ చిలుమూరి జయశీల్.
ఛాతీ ముప్పై ఆరు, నడుము ఇరవై తొమ్మిది,
భుజానికీ భుజానికీ మధ్య పదిహేడున్నర.
పక్కనే పెన్సిలుతో: బాపట్ల వైపు, మనవాడే.
అలసూరు బజారు వీధిలో తెలుగు మాట వినబడితే
కుట్టుకూలి అర్ధరూపాయి తగ్గించేవాణ్ణి.

డెబ్భై ఒకటి, నవంబరు చివర.
రేడియో ఆగేది కాదు, మిషను కింద నా కాలూ ఆగేది కాదు.
చెరువు మీద వంతెన కట్టడం, విప్పడం,
చీకట్లో మళ్ళీ కట్టడం, అదీ వాళ్ళ చదువు.
"ఏ నదికోసమో మాత్రం చెప్పరు మాస్టారూ."
అద్దంలో తనకు తనే సెల్యూట్ కొట్టుకుని
నేను చూశానని సిగ్గుపడ్డాడు.
ఇరవై రెండేళ్ళు. మెస్సు తిండికి ఒళ్ళు చేసే వయసు.
నడుము దగ్గర రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టాను.
ఎదిగే మనిషికి
గుడ్డలో కాస్త చోటుంచాలి.

తీసుకోవడానికి రాలేదు.
నేనే పట్టుకెళ్ళాను, మిలిటరీ ఆసుపత్రికి.
"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అంటారే,
అబద్ధం మాస్టారూ.
దుప్పటి తెల్లగానే ఉంది, మీ మీసం నల్లగానే ఉంది.
మావాళ్ళ రైలు మాత్రం నిన్న వెళ్ళిపోయింది."
ప్యాంటు ఒళ్ళో పెట్టుకుని కుట్టు తడిమి అడిగాడు,
"వదులు చేయడానికి వీలుందా?
తగ్గాక ఆకలి బాగా వేస్తుందట."
ఉంది సార్ అన్నాను. రెండంగుళాలు.

పదకొండో రోజు ఒక హవల్దారు వచ్చాడు,
చంకలో అదే ప్యాంటు, అదే కోటు.
బిగించాలి. సాయంత్రంలోగా.
ఎంత అంటే నోటితో చెప్పలేక
చేతులు రెండూ దగ్గరికి తెచ్చి చూపించాడు.
ఆ చేతుల మధ్య ఖాళీకి
నేను టేపు పెట్టలేదు. కంటి కొలతే.

తర్వాత మూడు రోజులకి గెలిచామన్నారు.
వీధంతా మిఠాయి పంచారు, నాకూ ఒక పొట్లం.
ఆ పొట్లం విప్పకముందే ఆయన వచ్చాడు, బడిపంతులు,
జయశీల్ వాళ్ళ నాన్న.
ఒక చీటీ పట్టుకుని దుకాణం దుకాణం తిరుగుతున్నాడు:
సబ్బుల కొట్టు, సైకిలు అద్దె, ఇడ్లీ హోటలు.
"మావాడు మీకేమైనా బాకీ ఉన్నాడా?"
దారి పొడుగునా అందరూ ఒకటే అడిగారట,
ఏ సరిహద్దులో అని.
ఇక్కడే, ఈ ఊళ్ళోనే అంటే
అయ్యో అని, మిఠాయి వెనక్కి తీసుకున్నారట.

మూడు రూపాయలన్నర. తీసుకున్నాను.
వద్దంటే ఆయన ఆ చేతులు ఎక్కడ పెట్టుకుంటాడు?

గుమ్మం దిగి, మళ్ళీ ఎక్కి
"సరిపోయిందా బాబూ, వాడికి?" అన్నాడు.

సరిగ్గా సరిపోయిందండీ అన్నాను.