ఏడో అంశం

మంగళవారం సాయంత్రం, టౌన్ హాల్ పై అంతస్తు.
బయట లింకన్‌షైర్ వాన,
రేడియేటర్ మీద ఎవరిదో తడి గొడుగు.
మినిట్స్ రాయడం నా ఉద్యోగం:
అన్నది అన్నట్టు కాదు, తేలింది తేలినట్టు.

ఆరో అంశం పార్కింగ్. గంటన్నర.
ఏడోది ప్రకృతి పునరుద్ధరణ.
పదకొండు నిమిషాలు.

తీర్మానించారు:
బైపాస్ అంచున మూడు మైళ్ల గడ్డి
ఆగస్టు దాకా కోయరాదు.
సూపర్‌మార్కెట్ కింద గొట్టంలో పూడ్చిన వాగుని,
నిధులు దొరికితే, వెలికి తీయాలి.
ఆ రెండు మాటలూ
కౌన్సిలర్ థ్రెల్‌ఫాల్ పట్టుబట్టి పెట్టించింది.
వాగు పేరు ఎవరికీ గుర్తు రాలేదు.
ఖాళీ వదిలాను.

మే నెలకి ఉత్తరాలు మొదలు.
ఊరు గడ్డం గీసుకోని తాగుబోతులా ఉందని ఒకరు,
మేం కట్టే పన్ను ఏ గాడిద మేస్తోందని ఇంకొకరు.
అందరికీ ఒకటే జవాబు కొట్టాను:
మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం.

జూన్‌లో సర్వేకి వెళ్లాం,
నేనూ, రెజ్ ఆల్‌సప్.
ముప్ఫయ్యొక్కేళ్లు ఆ గడ్డి కోసినవాడు.
తీర్మానం తన మీద మోపిన నేరమన్నట్టు
వాన్ దిగి, పలక్కుండా ముందు నడిచాడు.
దీపస్తంభం దాటి, మలుపులో, వంగి,
పిల్ల తలలో పేలు చూసే తల్లిలా
గడ్డిని పాయలు తీశాడు.

ఊదారంగు ఆర్కిడ్లు.
లెక్కపెడితే నలభై మూడు.

"ఇక్కడికొచ్చేసరికి ఏటా బ్లేడు ఎత్తేసేవాణ్ణి.
జానెడంతే. మొదట్లో రెండే ఉండేవి."
మరి ఎవరికీ చెప్పలేదేం?
"చెబితే కమిటీ వేస్తారు."
నవ్వాడో, దగ్గాడో.
లారీ ఒకటి పోయింది.
గడ్డి మొత్తం ఒక పక్కకి ఒరిగి లేచింది.

తిరిగొస్తూ వాగు పేరు అడిగాను.
"టాడ్‌వెల్ బెక్," అన్నాడు, గేరు మారుస్తూ,
"మా నాన్న దాన్లో మునగబోయాడు ఒకసారి."
అదేదో చుట్టరికమైనట్టు.

రాత్రి నివేదికలో
'సర్వేలో ఆర్కిడ్లు కనబడినవి' అని రాసి
కర్త లేని ఆ వాక్యాన్ని చాలాసేపు చూశాను.
ముప్ఫయ్యొక్క వేసవులు
ఒక చెయ్యి ఒక లివర్‌ని పైకి లాగిన సంగతికి
అంశం నంబరు లేదు.

సంతకమైన మినిట్స్ దిద్దకూడదు.
పాత పుస్తకం తెరిచి
ఆ ఖాళీలో
పెన్సిల్‌తో వాగు పేరు రాశాను,
'నిధులు దొరికితే' కన్నా ముందు.