ఒక ఆకుకి గాటు

పది రూపాయల బిళ్లంత చక్రం కావాలన్నాడు.
పడవ నేనే చేసుకున్నానమ్మా, పనస చెక్క,
చుక్కాని చక్రమే లొంగటం లేదు,
వేళ్లు లావు, అన్నాడు.
గోపాల్‌పూర్ నుంచి రెండు బస్సులు మారి
పర్లాకిమిడి వచ్చాడు సూరాడ దానయ్య,
బొమ్మ పడవని పసిబిడ్డలా తువ్వాల్లో చుట్టుకుని.

నేను ఓడ ఎక్కలేదు. చూడనైనా లేదు.
కార్తీక పున్నమి తెల్లారుజామున
మహేంద్రతనయలో వదిలే అరటి దొప్పలే
నాకు తెలిసిన నౌకలు.
వాటికి చుక్కాని ఉండదు.
దీపం ఎటు వాలితే అటే.

బండి చక్రం మాత్రం తెలుసు.
కుండ, ఆకులు, పూటీలు.
ఇదీ అంతే కదా అన్నాను.
అంతే గానీ, ఆకులు పూటీ దాటి బయటికొస్తాయి,
పట్టుకోడానికి.
బండి చక్రాన్ని నేల తిప్పుతాది,
దీన్ని మనిషి తిప్పాల.

దున్న కొమ్ము బొగ్గుల సెగ మీద పెట్టాను.
కాలిన వెంట్రుకల కంపు
చీరకి పట్టి, అన్నానికి పట్టి,
మా ఇంటికొచ్చిన చుట్టాలని
కాఫీ కూడా తాగనివ్వని కంపు.
మెత్తబడ్డ ముక్కని చెక్కల మధ్య బిగించి
పూటీకి పలక తీశాను.
ఆకులకి కొమ్ము కొస, బోలు లేని గట్టి చోటు.
ఒక్కొక్కటి వడ్లగింజంత,
పిడి దగ్గర ఆవగింజంత ఉబ్బు.

మూడు విరిగాయి.
ఒకటి పట్టకారు లోంచి ఎగిరి
చీపురుకి దొరకలేదు, దీపానికి దొరకలేదు,
రెండోనాడు తల దువ్వుకుంటే దువ్వెనకి దొరికింది.

ఆకురాయితో అరగదీసి, బొగ్గుపొడి రాసి,
చివరికి బరివెంక ఆకుతో
ఆకుని ఆకు తోమినట్టు తోమాను.
ఎనిమిదీ ఒక్క తల్లి బిడ్డలు.
కృపాసింధు మహారణా గారు ఉండుంటే
ఈసారి తెలుగులో మాట్లాడేవారు.
ఆయన ఒడియాలో తిట్టి తెలుగులో మెచ్చుకునేవారు.
మెచ్చుకున్నది రెండుసార్లే.

దానయ్య చక్రాన్ని పడవకి తగిలించి
కళ్లు మూసుకుని చిటికెన వేలితో తిప్పాడు.
చాలాసేపు తిప్పాడు.
ఎంత బాగుందో తల్లీ. పనికిరాదు.

ఏం?
ఎనిమిదీ ఒకటే అయిపోనాయి.
రాత్రి రెండు గంటల కాపలా. దిక్సూచి దీపం తప్ప
లోకంలో ఏటీ లేదు.
చక్రం ఎంత తిరిగిందో చేతికి ఎలా తెలుస్తాది?
ఒక ఆకుకి గాట్లుంటాయి.
అది పైకొస్తే చుక్కాని తిన్నగా ఉన్నట్టు.

ఎనిమిదింటినీ ఒకటి చెయ్యడానికి
నాకు పదకొండు రోజులు పట్టింది.
ఒకదాన్ని వేరు చెయ్యడానికి మూడు గీతలు చాలు.
చెయ్యి రాలేదు.
టీ పెట్టాను. ఆయన తాగాడు. నాది చల్లారింది.
తర్వాత సన్న రంపం తీసి
ఒకటి,
రెండు,
మూడోది కొంచెం వంకర.

మళ్లీ కళ్లు మూసుకున్నాడు.
చక్రం తిరిగింది, దారం లాగింది,
పనస చెక్క కింద చుక్కాని
చేప తోకలా అటూ ఇటూ ఆడి ఆగింది.
వేలు గాటు మీద నిలిచింది.
మిడ్‌షిప్ సార్, అన్నాడు
గదిలో లేని ఎవరితోనో.
డబ్బుతో పాటు ఎండురొయ్యల పొట్లం పెట్టి వెళ్లాడు,
కొమ్ము కంపుకి సరిజోడు.

సాయంత్రం దువ్వెనల పనిలో కూర్చున్నాను.
కరెంటు పోయింది.
నా ఆకురాయి మహారణా గారిది.
దాని పిడికి ఒక గాటు,
ఇరవై ఏళ్లుగా బొటనవేలిని కొరుకుతోంది.
నునుపు చెయ్యాలని ఎన్ని వేసవులు అనుకున్నానో,
ముసలాయన పని మరిచి వదిలేశాడని
ఎన్నిసార్లు గొణిగానో.

చీకట్లో వేలితో తడిమాను.
గాటు పైనుంటే ముతక పళ్లు కిందకి.
తిప్పితే సన్నపళ్లు.

కరెంటు వచ్చేదాకా ఆగలేదు.