ఆరున్నొకటి

శుక్రవారం రాత్రి మందుల షాపు షట్టరు దించి
శాక్రమెంటో నుంచి కొండెక్కాను.
అరవై మాత్రల ఖాళీ డబ్బాలో
ఆరువందల డాలర్లు, చుట్ట చుట్టి.
డోనర్ కనుమ దగ్గర మంచు. చక్రాలకు గొలుసులు కట్టాలని
పసుపు కోటు మనిషి చెయ్యడ్డం పెట్టాడు.
కట్టినందుకు ముప్పై.
పేక ముట్టకుండానే మొదటి ఓటమి.

మూడు నెలలు వంటింటి బల్లమీద సాధన.
రెండు నుంచి ఆరు దాకా పడితే ఒకటి కలుపు.
పది, బొమ్మ, ఆసు పడితే ఒకటి తియ్యి.
ఏడు, ఎనిమిది, తొమ్మిది వస్తే మాట్లాడకు.
కుక్కరు కూస్తున్నా కట్ట మొత్తం అరనిమిషంలో
సున్నాకి తెచ్చేదాన్ని.
పగలంతా మాత్రలు అయిదేసి చొప్పున జరిపే చేతికి
ఇదో పనా అనుకున్నా.

కానీ ఇంగ్లిషులో నాకు లెక్క నిలవదు.
లోపల మా పెదనాన్న గొంతే నడుస్తుంది,
నిడదవోలు ధాన్యం కొట్లో కొలగాడు ఆయన.
ఒకటి అనడు, లాభం అంటాడు.
ఏడు అనడు, ఆరున్నొకటి అంటాడు,
నోట ఏడు పలికితే ఇంట ఏడుపు మొలుస్తుందని.
రీనోలో అది గుర్తొచ్చి నవ్వొచ్చింది:
ఈ శాస్త్రంలో ఏడుకి విలువ సున్నా.

శనివారం. కిటికీ లేదు, గడియారం లేదు,
కార్పెట్ మీది పువ్వులు ఏ చెట్టువీ కావు.
పదిహేను డాలర్ల బల్ల. పంచేది మారిసెల్,
జేబు మీద పేరు, పేరు కింద ఊరు: ఇలోయిలో.
నా పక్కన వెర్న్, రిటైరైన లారీ డ్రైవరు,
మోకాలి ఆపరేషన్ కథ మొదలెట్టాడు.
లాభం, రెండు, రెండు, లాభం,
"టైటానియం అమ్మా, ఎయిర్‌పోర్టులో కూత పెడుతుంది,"
మూడా? నాలుగా?
మర్యాదకి అయ్యో అన్నాను.
లెక్క పోయింది.

రాత్రి పదింటికి నూట ఇరవై తక్కువ.

పదకొండు దాటాక వచ్చింది ఆ ఘడియ.
రెళ్ళూ మూళ్ళూ నాలుగులూ
వానకి ముందు చీమల్లా బారులు.
లెక్క పదకొండు. మిగిలినవి రెండే కట్టలు.
ఇక రాబోయేవి పదులూ ఆసులేనని
అరికాళ్ళకి కూడా తెలుస్తోంది.
పదిహేను పెట్టే చెయ్యి అరవై పెట్టింది.
నాకు ఆరు, అయిదు. ఆమె ముందు ఆరు.
రెట్టింపు అన్నాను. ఇంకో అరవై.
ఒక్క ముక్క, అడ్డంగా పడింది.

ఏడు.

పద్దెనిమిది నాది. చాలొచ్చు.
ఆమె మూసిన ముక్క తిప్పింది: రాజు. పదహారు.
ఇంకోటి లాగింది: అయిదు.

నేను చేసింది ఒప్పే. ఏ పుస్తకాన్ని అడిగినా ఒప్పే.
ఆ ఒప్పుని ఎత్తుకుపోతున్న వేళ్ళు
ఎంత శుభ్రంగా ఉన్నాయో చూస్తూ కూచున్నా.

వెనక సూటు మనిషి వచ్చి నిలబడ్డాడు.
దొరికిపోయాను, గెంటేస్తారు,
ఫొటో తీసి గోడకి అంటిస్తారు.
"మేడమ్, రేపు బఫేకి కూపన్ ఇమ్మంటారా?"
ఇంతకన్నా పెద్ద అవమానం నాకు ఇంతవరకు జరగలేదు.

ఆదివారం ఆడలేదు.
కూపన్ గుడ్లు తిని ట్రకీ నది ఒడ్డుకి వెళితే
సిగరెట్టు కాలుస్తూ మారిసెల్, షిఫ్టు దిగి బస్సు కోసం.
"నీ పెదాలు కదుల్తాయి," అంది.
"ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా లెక్కపెట్టేవాళ్ళని.
నీలాంటి వాళ్ళంటే మా వాళ్ళకి ముద్దు.
ఒక్కటే అర్థం కాలేదు,
ఏడు పడ్డప్పుడల్లా ఎందుకు నవ్వుతావు?"

ఇంగ్లిషు కోసం వెతికాను.
"మా భాషలో అదొక అంకె, అదే ఒక పని."
ఏం పని అని అడిగేలోపు బస్సొచ్చింది.

కొండ దిగి, ఇరవై మూడుకి పెట్రోలు పోయించి
మాత్రల డబ్బా మూత తిప్పి చూశాను.
మూడువందల

ఆరున్నొకటి.