అడుగున వేలిముద్ర

మండీ బజార్ల యాకూబ్ పాష తుక్కు దుకాణం.
ఇనుముకొక రేటు, ఇత్తడికొక రేటు,
దీనికే రేటు లేదు.
పాత సీలింగ్ ఫ్యాన్ కొంటే
కొసరు కింద చేతుల వెట్టిండు:
"తీస్కపో మొగిలన్నా, త్రాసు మీద ఇది దేంట్లకు రాదు."

జానెడున్నర ఎత్తు. పొట్ట నల్లగ.
మెడ కాడికెల్లి నారింజ రంగు
పాకం పొంగి కడాయి అంచు దాటి
గడ్డకట్టినట్టు,
బుడగలు బుడగలుగ, పగిలి, గరుకుగ.
ఇంటికి తెస్తే మా సులోచన జూసి
"దీనికి అమ్మవారు పోసిందా?" అన్నది.

నేను మోటర్లు చుట్టేటోన్ని.
హన్మకొండ చౌరస్తాల ముప్పయ్యొక్క ఏండ్లు
కాలిన కాయిళ్ల వాసన ముక్కుల వెట్టుకొని బతికినోన్ని.
ఎండకాలం బోరు మోటరు ఇప్పితే
వార్నిష్ కరిగి, రాగి మీద ఉబ్బి, ఆరి
అచ్చం ఇట్లనే ఉంటది.
అది జూస్తే రైతు మొకం మాడిపోతది.
ఇది జూసిన రాత్రి నాకు నిద్ర వట్టలే.
ఎవడో కావాలనే ఇట్ల కాల్చిండంటే
వాని ధైర్యం ఎంతదో అని.

బోర్లిస్తే అడుగున అచ్చు:
మూడు అంకెలు, ఒక గీత, రెండు అంకెలు,
ఇంగ్లీషుల పశ్చిమ జర్మనీ.
మా మేనల్లుడు ఫోన్ల వెతికి చెప్పిండు,
ఆ పేరుతోని ఇప్పుడు దేశమే లేదట.
నాకేం వింత గాలే.
నా షాపు బోర్డు మీద ఇప్పటికీ
జిల్లా వరంగల్ అనే ఉన్నది.
ముక్కలు జేసిండ్రు, పేర్లు మార్చిండ్రు,
మేం కుర్చీల కెల్లి లేవకుండనే
వేరే జిల్లాల వడ్డం.
పెయింటరుకు పైసలు దండుగని ఇడిసిపెట్టిన.
కుండ గూడ అంతే, కాల్చినంక అడుగు దిద్దరాదు.

ఆన్నించి పిచ్చి వట్టింది.
రామగుండంల క్వార్టరు ఖాళీ జేస్తూ
ఎవరో ఇంజనీరు మర్చిపోయింది ఒకటి.
కాజీపేట చర్చి స్టోరు రూముల
గొడుగుల బుట్టగ నిలవడ్డది ఒకటి.
ఇట్ల తొమ్మిదయినయి.
కాలిన స్టేటర్ల నడుమ చెక్క మీద పెట్టిన.
అండ్ల తెల్లది ఒకటుంటది, మెరుపు లేనిది,
ఎముకను చెక్కినట్టు, ఒళ్లంత అలలు,
మూతి ఒక్క పుల్ల దూరేంత.
"నీళ్లు పోసుకోరాదు, పప్పు వండుకోరాదు,"
అని సులోచన చానా దినాలు గొనిగింది.
ఒకనాడు తనే ఒక్క గునుగు పువ్వు
దాంట్ల గుచ్చిపోయింది.
ఏమనలే. నేను గూడ ఏమనలే.

పోయిన మాఘంల నారింజదాన్ని తువ్వాలల చుట్టి
ఆత్మకూరు కాడ కుమ్మరి ఓదెలు తాతకు చూపెట్టిన.
గోరుతోని కొట్టి, చెవు ఆన్చి విన్నడు.
"సారె ఎక్కలే ఇది. అచ్చుల పుట్టింది,"
అని మొకం తిప్పుకున్నడు.
నా పానం ఉసూరుమన్నది.
తర్వాత ఏమనుకున్నడో
ఎండల వెట్టి తిప్పి తిప్పి
అడుగంచు కాడ ఆగిండు.
పూత అంటని జాగ, చింతగింజంత.
"ఇగో. రంగుల ముంచిన చెయ్యి.
ఈడ వట్టుకున్నది, తొందర్ల దిద్దుడు మరిచింది."
తన బొటనవేలు ఆన్చి చూసిండు. పట్టలే.
నాది ఆన్చిన. పట్టలే.
"చిన్న చెయ్యి. ఆడపిల్లనో, సదువు ఇడిసిన పోరగాడో,"
అన్నడు. జరసేపాగి,
కూలెంతిచ్చెటోళ్లని నన్నడిగిండు,
నాకేదో ఎరుకైనట్టు.

మొన్న నడికూడ రైతు
కాలిన మోటరు దించి, రశీదు రాసేలోపు
చెక్క దిక్కు జూసిండు.
"అదేం మోటరుదన్నా, గట్ల కాలింది?"
"మోటరుది గాదు," అన్న.
"బాగు గాదా మరి?"
"కాదు."
అయ్యో అనుకుంట
రెండు చేతుల లేపి, బరువు జూసి,
పసిపిల్లను పండవెట్టినట్టు మళ్ల పెట్టిండు.
నల్లటి పొట్ట మీద
గ్రీజు వేళ్లు నాలుగు.

తుడుద్దామని పాత బనీను గుడ్డ తీసిన.
తీసి,
ఆ గుడ్డతోనే మోటరు మూత వట్టి తిప్పిన.